ఆకుపచ్చను దాచుకున్న కంచె

మా బడి స్టాఫ్ రూము గోడకు ఒక క్యాలెండరు వేలాడుతూ ఉండేది. అందులో ఒక నెల బొమ్మ ఇంగ్లండులోని పల్లెటూరి ఇల్లు. ఇంటి ముందు పచ్చిక, పచ్చిక చుట్టూ నిలువెత్తు కంచె. ఇటుకలతో కట్టింది కాదు, మొక్కలతో పెంచిందే. కాని గోడలాగే తిన్నగా, నున్నగా కత్తిరించి ఉంది. విచిత్రం ఏమిటంటే దాని ఆకుల్లో పచ్చదనం మచ్చుకైనా లేదు. కంచె మొత్తం మాగిన నేరేడుపండు రంగులో ఉంది.

నోటు పుస్తకాలు ఇవ్వడానికి వచ్చిన తొమ్మిదో తరగతి కుర్రవాడు ఆ బొమ్మ ముందు ఆగిపోయాడు.

"మాస్టారూ! పత్రహరితం ఉంటేనే మొక్క తన ఆహారం తయారుచేసుకుంటుందని నిన్ననే చెప్పారు. ఈ కంచెలో పచ్చని ఆకు ఒక్కటీ లేదు. మరి ఇది ఎలా బతుకుతోంది?"

ప్రశ్న బాగుంది. పాఠంలో చదివిన మాటకు, కంటితో చూసిన దానికి పొత్తు కుదరనప్పుడే ఇలాంటి ప్రశ్న పుడుతుంది. వెంటనే జవాబు చెప్పాలనిపించలేదు. "పూలకుండీల్లో పాకుతూ ఉంటుందే, కాడా ఆకూ అంతా ఊదారంగులో ఉండే మొక్క! రేపు దాని ఆకులు నాలుగు పట్టుకురా. జవాబు నేను చెప్పను, ఆ ఆకే చెబుతుంది" అన్నాను.

మర్నాడు ఏం జరిగిందో చివర్లో చెబుతాను. ముందు ఆ కంచె సంగతి తెలుసుకుందాం.

బీచ్ అంటే సముద్రపు ఒడ్డు కాదు

ఆ కంచె మొక్క పేరు బీచ్. మనం విశాఖపట్నంలో షికారుకు వెళ్లే బీచ్ కాదు సుమా! పలకడంలో ఒకేలా ఉన్నా ఇంగ్లీషులో వీటి స్పెల్లింగులు వేరు. శాస్త్రజ్ఞులు ఈ చెట్టును ఫేగస్ సిల్వాటికా అంటారు. ఓక్, చెస్ట్‌నట్ చెట్లు దీని చుట్టాలు. జర్మనీ, ఫ్రాన్సు, స్విట్జర్లాండు, దక్షిణ ఇంగ్లండు అడవుల్లో సహజంగా పెరుగుతుంది. బెరడు ఏనుగు చర్మంలా బూడిదరంగులో ఉన్నా నున్నగా ఉంటుంది. అడవిలో 30 మీటర్లకు మించి ఎదుగుతుంది. ముళ్లముళ్ల తొడుగులో మూడు పలకలుగా ఉండే చిన్న గింజలు కాస్తుంది.

మన ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లో దీన్ని పెంచాలంటే కుదరదు. శీతాకాలంలో కొన్ని నెలలపాటు గట్టి చలి తగిలితే తప్ప బీచ్ మొగ్గలు నిద్ర లేవవు. మన చలికాలం దానికి చాలదు.

అడవిలో పెరిగే బీచ్ ఆకులు మామూలుగా ఆకుపచ్చనివే. మరి ఊదారంగు ఎక్కడినుంచి వచ్చింది? ఎవరో తయారుచేసింది కాదు, అడవిలో దానంతటదే పుట్టింది. స్విట్జర్లాండులో జ్యూరిచ్ దగ్గర బుఖ్ ఆమ్ ఇర్షెల్ అనే ఊరుంది. అక్కడి అడవిలో ఎర్రని ఆకుల బీచ్ చెట్లు ఉన్నట్టు 1680లోనే రాసిపెట్టారు. ఐదుగురు అన్నదమ్ములు అక్కడ ఒకరినొకరు చంపుకున్నారనీ, ఆ నెత్తురు పడినచోట ఈ చెట్లు మొలిచాయనీ అక్కడివాళ్లు కథ చెప్పుకునేవారు. జర్మనీలో జోండర్స్‌హాజెన్ పట్టణం దగ్గరి అడవిలో 18వ శతాబ్దంలో మరో ఊదా ఆకుల చెట్టు కనబడింది. ఐరోపా తోటల్లోని ఊదా బీచ్‌లలో చాలావాటికి ఆ చెట్టే మూలమని చెబుతారు.

నెత్తుటి కథ సంగతి అలా ఉంచండి. జరిగింది ఉత్పరివర్తన. అంటే జన్యువులో అనుకోకుండా వచ్చిన మార్పు. వేల మొక్కల్లో ఒకదానికి అలా మార్పు వచ్చింది. మనుషులు దాన్ని చూసి ముచ్చటపడి, విత్తనాలు ఏరి, అంట్లు కట్టి, ఊరూరా నాటారు. ఇంగ్లీషువాళ్లు దీన్ని రాగి బీచ్ అని కూడా పిలుస్తారు.

రంగు ఎక్కడ ఉంది?

ఆకును అడ్డంగా పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే అది మేడలా అంతస్తులు అంతస్తులుగా కనిపిస్తుంది. పైన బాహ్యచర్మం, దాని కింద పత్రహరితం నిండిన కణాలు. ఆహారం తయారయ్యే వంటిల్లు ఈ కింది అంతస్తులోనే ఉంది. ఊదా బీచ్‌లో కూడా ఈ వంటిల్లు మామూలుగానే నడుస్తుంది. అందులో ఉన్న పత్రహరితం ఆకుపచ్చనిదే.

తేడా అంతా ముఖ్యంగా బాహ్యచర్మంలో ఉంది. అక్కడి కణాల రిక్తికల్లో, అంటే కణరసం నిండిన సంచుల్లో, ఆంథోసయనిన్ అనే వర్ణద్రవ్యం కరిగి ఉంటుంది. పచ్చని కాగితం మీద ఎర్రని గాజు కాగితం పరిచి చూడండి. పచ్చదనం ఎక్కడికీ పోలేదు, కాని మన కంటికి నల్లగా, ముదురుగా కనిపిస్తుంది. ఊదా బీచ్ ఆకు రహస్యం ఇదే.

మరి ఎర్రని తెర అడ్డంగా ఉంటే కింది వంటింటికి వెలుతురు అందుతుందా? అందుతుంది. పత్రహరితం ఎక్కువగా పీల్చుకునేది ఎరుపు, నీలం కాంతులను. ఆంథోసయనిన్ ఎక్కువగా పట్టి ఉంచేది ఆకుపచ్చ కాంతిని. అంటే వంటింటికి ముఖ్యంగా కావలసిన సరుకును ఈ తెర చాలావరకు వదిలేస్తుందన్నమాట. కొంత నష్టం లేకపోలేదు. పచ్చని బీచ్ కన్నా ఊదా బీచ్ కాస్త నిదానంగా పెరుగుతుందని తోటమాలులు చెబుతారు. కాని బతకడానికి ఏ లోటూ లేదు.

ఇది మనం ఎరగని విషయమేమీ కాదు. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో మామిడి చిగుళ్లు ఏ రంగులో ఉంటాయి? రాగి రంగులో! రావిచెట్టు లేత ఆకులూ అంతే. లేత ఆకులో ఆంథోసయనిన్ ఎక్కువ, పత్రహరితం ఇంకా తక్కువ. లేత కణాలను మండుటెండ దెబ్బ నుంచి ఈ ఎర్రని తెర కొంత కాపాడుతుంది. ఆకు ముదిరేకొద్దీ ఎరుపు తగ్గి పచ్చదనం పైకి వస్తుంది. మామిడి కొద్దిరోజుల్లో విడిచేసే ఎర్రచొక్కాను ఊదా బీచ్ వేసవి అంతా తొడుక్కునే ఉంటుందన్నమాట.

ఒక జాగ్రత్త! ఎర్రని ఆకులన్నింటిలో ఉండేది ఆంథోసయనినే అనుకోకండి. ఎర్ర తోటకూర, బీట్‌రూట్ రంగు బీటలెయిన్ అనే వేరే వర్ణద్రవ్యం వల్ల వచ్చింది. రంగు ఒకటైనంత మాత్రాన పదార్థం ఒకటి కానక్కరలేదు.

అరవై మొక్కలు, ఒక్క గోడ

ఇక కంచె పెంచడం చూద్దాం. బ్రిటన్‌లో నవంబరు నుంచి మార్చి దాకా చెట్లు నిద్రలో ఉంటాయి. ఆ రోజుల్లో నర్సరీ నుంచి మోకాలెత్తు మొక్కలను వేళ్లకు మట్టి లేకుండానే తెచ్చి నాటుతారు. మొక్క నిద్రలో ఉంది కనుక ఈ ప్రయాణాన్ని తట్టుకుంటుంది. కాని వేళ్లు ఎండకూడదు. అందుకే నాటేదాకా వాటిని తడి గుడ్డలోనో, తడి మట్టిలోనో ఉంచుతారు.

మొక్కకూ మొక్కకూ మధ్య 30 నుంచి 45 సెంటీమీటర్లు వదులుతారు. మీటరుకు మూడు మొక్కల చొప్పున 20 మీటర్ల కంచెకు ఎన్ని కావాలి? అరవై. అడవిలో ఒక్క బీచ్ చెట్టు కొమ్మలు చాచుకునే చోటులో ఇక్కడ అరవై చెట్లు సర్దుకోవాలి!

ఇక్కడే ఒక చిక్కు. మంచి ముదురు రంగు కచ్చితంగా రావాలంటే అంటుమొక్కలే కొనాలి. కాని వాటి ధర ఎక్కువ. కంచెకు పదుల కొద్దీ మొక్కలు కావాలి కనుక చాలామంది గింజ మొక్కలే కొంటారు. ఊదా చెట్టు గింజ మొలిచినా, దానికి పుప్పొడి ఇచ్చిన తండ్రి పచ్చని చెట్టు కావచ్చు. అందుకే ఒకే చెట్టు గింజల్లో కొన్ని ముదురు ఊదాగా, కొన్ని మధ్యరకంగా, కొన్ని పచ్చగా మొలుస్తాయి. నర్సరీవాళ్లు పచ్చనివి ఏరేసినా, మిగిలినవాటిలో ఛాయల తేడా ఉండనే ఉంటుంది. ఒకే తల్లి పిల్లల ముఖాలు వేరువేరుగా ఉన్నట్టే ఇదీ. కొందరు ఆ తేడానే అందం అనుకొని, కావాలనే పచ్చని బీచ్‌నూ ఊదా బీచ్‌నూ కలిపి నాటుతారు.

నేల ఎలాంటిదైనా ఫరవాలేదు, సున్నపు నేల అయినా సరే, కాని నీరు నిలవకూడదు. బీచ్ వేళ్లు ఎక్కువ భాగం నేల పైపొరల్లోనే పరుచుకుంటాయి. నీరు నిలిస్తే వాటికి గాలి అందదు, కుళ్లిపోతాయి. వాన లేకపోతే అవే మొదట ఎండిపోతాయి. 2018 వేసవిలో మధ్య ఐరోపాలో తీవ్రమైన కరువు వచ్చినప్పుడు జర్మనీ అడవుల్లో పెద్దపెద్ద బీచ్ చెట్లే వాడిపోయాయి. కొత్తగా నాటిన కంచెకైతే మొదటి రెండు మూడు వేసవులు నీరు పోసి తీరాలి. మొదట్లో ఆకులో, గడ్డిచెత్తో పరిచి తేమను కాపాడతారు.

కత్తెర నేర్పే పాఠం

మొక్కలు నాటగానే తోటమాలి చేసే పని చూస్తే మనకు ప్రాణం ఉసూరుమంటుంది. బలంగా ఉన్న కొమ్మలను మూడో వంతు మేర కత్తిరించేస్తాడు! మరుసటి చలికాలంలో మళ్లీ అదే పని. త్వరగా ఎత్తు పెరగాలని కదా కంచె వేసింది, మరి కోయడం ఎందుకు?

కొమ్మ చివరి మొగ్గ ఆక్సిన్ అనే హార్మోనును తయారుచేసి కిందికి పంపుతూ ఉంటుంది. అది ఉన్నంతసేపూ కింది పక్క మొగ్గలు తలెత్తవు. దీన్నే అగ్రాధిక్యత అంటారు. చివరి మొగ్గను కత్తిరిస్తే కింది మొగ్గలకు స్వేచ్ఛ వస్తుంది. ఒక కొమ్మ ఉన్నచోట నాలుగైదు కొమ్మలు వస్తాయి. మన ఊళ్లలో గోరింట, డురంటా కంచెలను కత్తిరిస్తే గుబురుగా వచ్చేది కూడా ఇందుకే. తొందరపడి కోయకుండా వదిలేసినవాడి కంచె ఎత్తుగా పెరుగుతుంది గాని, మొదట్లో బోసిగా, కాళ్లు కనిపిస్తూ ఉంటుంది. తరువాత ఎంత కత్తిరించినా ఆ కింది ఖాళీలు నింపడం చాలా కష్టం. మొదటి రెండేళ్లు ఎత్తు మీద ఆశ చంపుకున్నవాడికే నిండైన కంచె దక్కుతుంది. అది భుజాలెత్తు దాటడానికి ఐదారేళ్లో, అంతకన్నా ఎక్కువో పడుతుంది.

కంచె ఆకారంలోనూ ఒక కిటుకు ఉంది. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ కొంచెం సన్నంగా కత్తిరిస్తారు. పైభాగం వెడల్పైతే కింది ఆకుల మీద నీడ పడుతుంది. నీడలో కొమ్మలు చచ్చిపోతాయి. ఊదా బీచ్‌కు ఇంకో నష్టం కూడా ఉంది. ఆంథోసయనిన్ బాగా తయారవడానికి మంచి వెలుతురు కావాలి. నీడలో పెరిగిన ఆకుల్లో ఎరుపు పలచబడి, లోపలి పచ్చదనం బయటపడుతుంది. ఊదా కంచెను ఎండ బాగా తగిలేచోట నాటాలనడానికి కారణం ఇదే.

కంచె ఎదిగాక ఏడాదికి ఒక్కసారి, ఆగస్టులో కత్తిరిస్తే చాలు. అప్పటికి వసంతంలో వచ్చిన కొమ్మలు ముదిరి ఉంటాయి. అప్పటికి పక్షిపిల్లలు చాలావరకు ఎగిరిపోయి ఉంటాయి కూడా. గుబురైన బీచ్ కంచె పిట్టలకు మంచి కాపురం. పిట్ట ఉంటున్న గూటిని కావాలని పాడుచేయడం బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం నేరం. అందుకే తెలిసిన తోటమాలి కత్తెర పట్టే ముందు కొమ్మల్లోకి తొంగి చూస్తాడు.

ఎండినా రాలని ఆకులు

ఏప్రిల్ చివర, మే మొదట్లో సూదుల్లా మొనదేలిన మొగ్గలు విచ్చుకుంటాయి. లేత ఆకులు అంచున పట్టులాంటి నూగుతో గులాబీ ఎరుపులో మెరుస్తాయి. వేసవికి ముదురు ఊదా. వేసవి చివరకు ఎరుపు కొంత తగ్గి, పచ్చ కలిసిన మబ్బురంగు. శరదృతువులో పత్రహరితం విరిగిపోగా ఆకు రాగి రంగుకు, ఆపైన గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఆ తరువాత మామూలుగా ఆకు రాలాలి. ఆకు కాడ మొదట్లో మెత్తని కణాల పొర ఒకటి ఏర్పడి, అక్కడ పట్టు తెగిపోవడం వల్లే ఆకు రాలుతుంది. బీచ్ లేత చెట్లలోనూ, పెద్ద చెట్ల కింది కొమ్మల్లోనూ ఈ తెగే పని శరత్తులో పూర్తికాదు. ఎండిన ఆకు అలాగే వేలాడుతూ, వసంతంలో కొత్త మొగ్గలు ఉబ్బేటప్పుడే రాలుతుంది. ఏటా కత్తిరించే కంచె ఎన్నేళ్లు గడిచినా ఈ లేతచెట్టు అలవాటును మానదు. అందుకే మంచు పడే రోజుల్లోనూ అది ఇంటికి మరుగుగా నిలుస్తుంది.

ఇందువల్ల చెట్టుకేమిటి లాభం? ఎండాకుల మధ్య దాక్కున్న మొగ్గలను జింకలు తినవని కొందరంటారు. ఆకులు వసంతంలో రాలితే, వాటి ఎరువు సరిగ్గా అవసరమైన వేళకు వేళ్లకు అందుతుందని మరికొందరంటారు. తోటవాళ్లకు మాత్రం ఒక లాభం స్పష్టం. ఇటుక గోడకు కొట్టుకున్న గాలి పైకి లేచి, అవతల సుడులు తిరుగుతూ పడుతుంది. ఆకుల కంచె గాలిని జల్లెడలా వడగట్టి, నెమ్మదింపజేసి పంపుతుంది.

కత్తెర ఆగిపోతే?

కత్తెర పడకపోతే ఈ కంచె ఏమవుతుందో తెలుసుకోవాలంటే స్కాట్లాండు వెళ్లాలి. పెర్త్‌షైర్‌లో మీకిల్ అవర్ అనే ఊరి దగ్గర రోడ్డు పక్కనే 1745లో నాటిన బీచ్ కంచె ఉంది. ఇది పచ్చని బీచ్. పొడవు సుమారు 530 మీటర్లు, ఎత్తు సుమారు 30 మీటర్లు! అంటే పదంతస్తుల మేడ ఎత్తు. ప్రపంచంలోని అతి ఎత్తయిన కంచెగా గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. దాన్ని నాటినవారు 1746లో కల్లోడెన్ యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదనీ, వారి గుర్తుగా ఆ కంచెను ఆకాశం వైపు పెరగనిచ్చారనీ అక్కడివారు చెప్పుకుంటారు. ఇప్పుడు చాలా ఏళ్లకొకసారి యంత్రాల సాయంతో దాన్ని కత్తిరిస్తారు.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? భుజాలెత్తు కంచెలోని ప్రతి మొక్కా నిజానికి ఒక మహావృక్షమే. ఏటేటా పడే కత్తెర దాన్ని బాల్యంలో ఆపి ఉంచుతోంది. తోటమాలి పదేళ్లు చూడకపోతే అది మళ్లీ అడవిచెట్టు కావడానికి సిద్ధంగా ఉంటుంది.

ఆకు చెప్పిన జవాబు

ఇక మా కుర్రవాడి సంగతి. మర్నాడు గుప్పెడు ఊదా ఆకులు తెచ్చాడు. ఆ మొక్క పేరు ట్రడెస్కాంటియా పాలిడా. దాని పుట్టినిల్లు మెక్సికో. ఆకులను గాజు బీకరులో నీళ్లు పోసి మరిగించాం. కాసేపటికి నీళ్లకు గులాబీ ఊదారంగు వచ్చింది. పట్టకారుతో ఒక ఆకు బయటికి తీసి తెల్ల కాగితం మీద పెట్టాను. తరగతంతా ముందుకు వంగింది.

ఆకు ఆకుపచ్చగా ఉంది!

మరిగే నీటిలో కణాలు చచ్చిపోయి, రిక్తికల సంచులు పగిలి, నీటిలో కరిగే ఆంథోసయనిన్ బయటికి వచ్చేసింది. పత్రహరితం నీటిలో కరగదు కనుక లోపలే ఉండిపోయింది. "అయితే మాస్టారూ, పాఠం తప్పు కాదు, నా కన్నే మోసపోయింది" అన్నాడు కుర్రవాడు. కన్ను మోసపోయినా, అది లేవదీసిన ప్రశ్న మంచిదే.

మీరూ ఈ ప్రయోగం చేయండి, కాని మరిగే నీళ్లతో పని కనుక పెద్దవాళ్లను దగ్గర ఉంచుకోండి. చల్లారాక ఆ రంగు నీళ్లను మూడు గ్లాసుల్లో పోయండి. ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదానిలో నిమ్మరసం, మూడోదానిలో చిటికెడు వంటసోడా వేసి రంగులు పోల్చి చూడండి. ఆమ్లంలో ఎరుపు వైపు, క్షారంలో నీలం వైపు తిరగడం ఆంథోసయనిన్ గుణం. తరువాత ఎర్ర తోటకూర ఆకుతోనూ ఇదే చేసి, ఏం తేడా వచ్చిందో నోటు పుస్తకంలో రాయండి.

ఇంకొక పని. ఈసారి మామిడి చిగురు వేసినప్పుడు ఒక కొమ్మకు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. రాగి రంగు ఆకు పూర్తిగా పచ్చబడడానికి ఎన్ని రోజులు పట్టిందో లెక్కపెట్టండి. ఎండలో ఉన్న కొమ్మకూ, నీడలో ఉన్న కొమ్మకూ తేడా ఉందా? ఈ ప్రశ్నకు కూడా జవాబు నేను చెప్పను. మీ మామిడిచెట్టే చెబుతుంది.